నీసు ఊరికి దారి

మా ఇంట్లో భోజనాల దగ్గర నేను నోరు విప్పితే అందరూ తలెత్తి చూసేవారు. గొప్ప సంగతులు చెబుతానని కాదు, అసలు మాట్లాడానన్న ఆశ్చర్యంతో. అందుకే ఆ ఏప్రిల్ సాయంత్రం ట్రైన్‌లో ఇంటికి వస్తూ, చెప్పదలచుకున్న సంగతిని కుదించి కుదించి చిన్న ముక్క చేసి పెట్టుకున్నాను. పచ్చిపులుసు గిన్నె నా ముందు నుంచి చెల్లెలి ముందుకు జరగ్గానే అనేశాను.

"జూన్‌లో నాయినమ్మ తిరిగి వెళ్ళేటప్పుడు నేను తోడు వెళ్తాను. దారిలో నీస్‌లో కొన్నాళ్ళు ఆగుతాం."

నాన్న, అమ్మ, చెల్లెలు తలెత్తారు. నాయినమ్మ ఎత్తలేదు. అన్నం కలుపుతున్న ఆమె చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"ఏడ ఆగుతమంటున్నవే?"

"నీస్‌లో, నాయినమ్మా. ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు."

"నీసులనా?"

నేనేమన్నానో నాకు అప్పుడు వినబడింది. మాది వరంగల్ వైపు. మా నాయినమ్మ భాషలో నీసు అంటే మాంసం, చేప, గుడ్డు, వాటి వాసన, వాటిని తాకిన గరిటె, ఆ గరిటె పెట్టిన గట్టు. ఆమె మా ఇంటికి వచ్చిన అక్టోబరులో మొదటి రోజే వంటింట్లో నిలబడి రెండుసార్లు గాలి పీల్చి, ఒక్క మాట అనకుండా నాన్న ఆమ్లెట్ వేసుకునే పెనాన్ని చీపురు పుల్లతో జరిపింది. ఆ సాయంత్రమే పెనం చెత్తబుట్టకు పోయింది. నాన్న ఆమ్లెట్లు ఆఫీసు పక్కనున్న డైనర్‌కు మారాయి. అలాంటి మనిషిని తీసుకుపోయి నీసులో ఉంచుతానన్నాను.

నాన్నకు నవ్వుతో పొలమారింది. అమ్మది కృష్ణా జిల్లా. వాళ్ళవైపు ఆ మాట నీచు. అందుకని ఆమెకు ఒక క్షణం ఆలస్యంగా తట్టింది.

"అయ్యో, అది ఊరి పేరండీ అత్తయ్యా," అంది నీళ్ళ గ్లాసు నాన్న వైపు తోస్తూ.

"ఊరికి గా పేరెట్ల పెడ్తరు? పెట్టినోనికి బుద్ధి లేకుంటే పోయేటోళ్ళకన్నా ఉండొద్దా?"

"ఇంగ్లీష్‌లో స్పెల్లింగ్ 'నైస్' నాయినమ్మా," అంది చెల్లెలు. దానికి పదహారేళ్ళు, దేనికైనా దాని దగ్గర సిద్ధంగా ఒక జవాబుండేది. "అక్కా, జస్ట్ నైస్ అని చెప్పు. ప్రాబ్లమ్ ఓవర్."

"ఆ ఊరి పేరు నీస్. నైస్ కాదు," అన్నాను.

"పేరు మారిస్తే వాసన పోతదా?" అంది నాయినమ్మ. ఒక విధంగా ఆమె నా పక్షమే అనుకున్నాను. ఇద్దరికీ మాట మాటలాగే ఉండాలి.

నాన్న తేరుకున్నాక తన ఏర్పాటు చెప్పాడు. అది ఎప్పుడో అయిపోయిన ఏర్పాటు. గుడి కమిటీలో ఆయనతోపాటు ఉండే ఒక అంకుల్, ఆంటీ జూన్‌లో లండన్ మీదుగా హైదరాబాద్ పోతున్నారు. నాయినమ్మ వాళ్ళతో వెళ్తుంది. పెద్దవాళ్ళు, దారి తెలిసినవాళ్ళు, శాకాహారులు. టికెట్ల ఏజెంట్‌కు శనివారం మధ్యాహ్నంలోగా ఖాయం చెయ్యాలి. తప్పు పట్టడానికి ఏమీ లేని ఏర్పాటు. అదే నా ఇబ్బంది.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఎనభైల మొదటి సంవత్సరాలు. జెర్సీ సిటీలో తొమ్మిదో అంతస్తులో ఉండేవాళ్ళం. రోజూ నది కింద నుంచి పోయే ట్రైన్‌లో మన్‌హాటన్ వెళ్ళి ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు కార్డులు టైపు చేసేదాన్ని. కొత్త పుస్తకం వస్తే దాని పేరు, రాసినవారి పేరు, విషయం, ఎక్కడ నిలబడాలో చెప్పే అంకెలు కార్డు మీద కొట్టి సొరుగులో పెట్టాలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఉద్యోగం ఇచ్చినావిడ అది చెబుతూ జాలిపడింది. నేను మాత్రం నా అదృష్టానికి పొంగిపోయాను. కార్డు కొట్టేముందు పుస్తకం తెరిచి నాలుగు పేజీలు చదివేదాన్ని. ఇంట్లో మాత్రం ఎంత చదువుతానో ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ట్రైన్‌లో పుస్తకాలకు కిరాణా సంచీ కాగితంతో అట్టలు వేసుకునేదాన్ని. రాత్రిపూట డైరీ తెలుగులో రాసేదాన్ని. నాకు అక్షరాలు నేర్పింది నాయినమ్మే, ఎనిమిదేళ్ళ వయసులో నేను ఇక్కడికి బయలుదేరకముందు. చెల్లెలికి తెలుగు చదవడం రాదు. అంతకంటే మంచి తాళం ఏముంటుంది?

ఫ్రెంచ్ హైస్కూల్లో మొదలుపెట్టాను, కాలేజీలోనూ వదల్లేదు. మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకంలో నీస్ గురించి ఒక పాఠం ఉండేది. అందులో ఒక ఫొటో. సముద్రం వైపు తిరిగి వరుసగా నీలం కుర్చీలు. ఒక కుర్చీలో నల్లబట్టలు కట్టుకున్న ముసలావిడ, ఒళ్ళో చేతిసంచి, పక్కన ఎవరూ లేరు. సముద్రాన్ని చూడడమే ఆ రోజుకు పని అన్నట్టు కూర్చుంది. ఫొటో కింద ఒక సంభాషణ. గది ఖాళీ ఉందా, ఉంది, ఎన్ని రాత్రులు, సముద్రం కనిపిస్తుందా, ఇలా. పద్నాలుగేళ్ళ వయసులో దాన్ని కంఠస్థం చేశాను. తర్వాత ఎన్నో చదివాను కానీ ఆ పాఠం మాత్రం వాడకుండా దాచిపెట్టిన కొత్త బట్టలా నా దగ్గరే ఉండిపోయింది.

ఆ చలికాలమంతా నాయినమ్మ మా హాల్లో కిటికీ దగ్గర కూర్చునేది. కింద హడ్సన్, అవతల మన్‌హాటన్ బిల్డింగులు. వచ్చిన కొత్తలో రోజూ అడిగేది.

"ఇది సముద్రమేనా?"

"నది, నాయినమ్మా."

"ఇంత పెద్దగుండి నదేందే," అని నిరాశపడేది. కాశీ చూసింది, తిరుపతి చూసింది, సముద్రం మాత్రం ఆమె దారిలో పడలేదు. నవంబరులో నాన్న పని మానుకుని మరీ జెర్సీ షోర్‌కు డ్రైవ్ చేసి తీసుకుపోయాడు. ఆమె శాలువా కప్పుకుని చెక్క నడవ మీద నిలబడి చాలాసేపు చూసింది. నాన్న "దా అమ్మా, కాళ్ళు కడుక్కో," అంటే తల అడ్డంగా తిప్పింది.

"ఇయ్యాల పర్వం కాదు గదరా. ఉత్త దినం సముద్రాన్ని ముట్టొద్దు."

అమావాస్యకో పౌర్ణమికో తప్ప సముద్రాన్ని తాకకూడదన్నది ఆమె చిన్నప్పుడు విన్న నియమం. సముద్రం ఎన్నడూ ఎదురుపడకపోయినా నియమాన్ని మాత్రం జాగ్రత్తగా ఉంచుకుంది. తిరుగు దారిలో వెనక సీట్లో నేను, కిటికీ వైపు తిరిగిన ఆమె మొహం చూస్తూ, ఆ నీలం కుర్చీని తలచుకున్నాను. నల్లబట్టల ముసలావిడ లేచి వెళ్ళిపోయింది. నాయినమ్మ కూర్చుంది. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా ఆ కుర్చీలో మరొకరిని కూర్చోబెట్టలేకపోయాను.

ఈ చలికి మళ్ళీ రానని ఆమె ముందే చెప్పేసింది. అన్నమాట మీద నిలబడే మనిషి. లండన్ మీదుగా పోతే ఆ ఫొటో ఫొటోగానే ఉండిపోతుంది. ఇదంతా భోజనాల బల్ల దగ్గర చెప్పడానికి నాకు రాలేదు. "నీస్‌లో ఆగుతాం" అన్నది మాత్రమే వచ్చింది, అదీ తప్పుడు అర్థంతో.

మర్నాటినుంచి లైబ్రరీలో మధ్యాహ్నం భోజనం వేళ అట్లాసులు, ప్రయాణాల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ పని నాకు బాగా వచ్చు. పారిస్‌లో విమానం దిగి నీస్ విమానం ఎలా ఎక్కాలో, అక్కడినుంచి మళ్ళీ పారిస్ వచ్చి నాయినమ్మను బొంబాయి విమానం ఎక్కించి నేను ఇటు తిరగడం ఎలాగో అంతా తేలింది. బొంబాయికి బాబాయి వచ్చి తీసుకెళ్తాడు. దారిలో ఆగడానికి టికెట్ ఒప్పుకుంటుందని ఏజెంట్ నాన్నతో చెప్పాడు. నాయినమ్మ పాస్‌పోర్టు మీద వీసా కోసం కాన్సులేట్‌కు నేనే నడిచి వెళ్ళాను. అడగాల్సినది ఇంగ్లీషులో కాగితం మీద రాసి కిటికీలోంచి అందించాను. టికెట్, బస ఖాయమైనట్టు అక్కడివాళ్ళ కాగితం, ఈ రెండూ తెమ్మన్నారు.

సాయంత్రాలు వంటింట్లో నాయినమ్మ పక్కన బీరకాయలు తరుగుతుంటే ఆమె ఆ ఊరి మాట ఎత్తేది. పేరు మాత్రం అనేది కాదు.

"ఆ ఊర్ల నీళ్ళెట్లుంటయ్?"

"మంచి నీళ్ళే నాయినమ్మా. కొండల నుంచి వస్తాయి."

"చలి?"

"ఉండదు. ఇక్కడి ఎండాకాలంలాగే, ఉక్క తక్కువ."

ఆమె పోపు వేసింది. ఆవాలు చిటపటలాడి ఆగాయి.

"ఒడ్డుకు ఆడోళ్ళు కూడా వస్తరా, నా ఈడోళ్ళు?"

"వస్తారు. కూర్చోడానికి కుర్చీలు వేసి ఉంటాయి. నీలం రంగువి."

"ఊకెనే కూసుంటరా?"

"ఊకెనే."

రెండు రోజుల తర్వాత, ఉగాదికి బాబాయి వరంగల్ నుంచి పంపిన కొత్త పంచాంగం ఆమె ఒళ్ళో కనిపించింది. కళ్ళద్దాలు ముక్కు కొనకు జారాయి.

"జేష్ఠమాసం అమాస మీ జూన్ల ఎప్పుడు పడ్తదో చూడు. నాకు ఈ ఇంగ్లీషు తారీకులు సరిగ్గ కనబడ్తలేవు."

ఆమెకు బాగా కనబడతాయని నాకు తెలుసు. చూశాను. ఆమె ప్రయాణం అనుకున్న వారంలోనే పడింది.

"ఈడి అమాస, ఆడి అమాస ఒక్కటేనా?"

పక్క గదిలోంచి చెల్లెలు అరిచింది. "అదే మూన్ కదా నాయినమ్మా!"

"నిన్నడగలే," అంది నాయినమ్మ, పంచాంగం మూసి. కాసేపాగి, గట్టు తుడుస్తూ, తనలో తాను అనుకున్నట్టుగా అంది. "అంతా మంచిగనే ఉన్నది. ఆ పేరున్న ఊర్ల పొయ్యి ఎట్ల ముట్టియ్యాలె? అందరు ముట్టిన గిన్నెల ఎట్ల వండుకోవాలె? ఐదొద్దులు పండ్లు తిని ఉండనీకె నేనేమన్న కోతినా?"

కాబట్టి మిగిలింది అదొక్కటే. ఆమె సముద్రానికి ఒప్పుకుంది, అమావాస్యకు ఒప్పుకుంది. నీసుకు ఒప్పుకోలేదు.

శుక్రవారం నాన్న ఆఫీసునుంచి వచ్చి టై విప్పుతూ నన్ను పిలిచాడు. నా పథకమంతా ఒక కాగితం మీద చక్కగా టైపు చేసి ముందు రోజే ఆయన బల్ల మీద పెట్టాను, కార్డులు కొట్టే అలవాటుతో. ఆయన అది చదివినట్టున్నాడు.

"ఫ్లైట్లు మంచిగ చూసినవ్ బిడ్డా. మా ఏజెంట్ కన్నా నయం. బస సంగతేంది? హోటల్ కన్ఫర్మేషన్ లేనిది వీసా స్టాంప్ కాదు గదా."

"ఉత్తరం రాస్తాను నాన్నా. వంట చేసుకునే గదులు అద్దెకిచ్చే ఇల్లు ఒకటి పుస్తకంలో ఉంది, అడ్రస్, ఫోన్ నంబర్ అన్నీ..."

"ఉత్తరం పోయి జవాబు వచ్చేటాలకు లండన్ టికెట్లు అయిపోతయ్. రేపు మధ్యాహ్నం ఏజెంట్‌కు చెప్పాలె. ఫోన్ చెయ్యి."

చెల్లెలు హాల్లో టీవీ ముందు నుంచి తల తిప్పింది.

"డాడీ, అక్క పిజ్జా కూడా ఆర్డర్ చెయ్యదు! నేనే చేస్తా ఎవ్రీ టైమ్. ఫ్రెంచ్ వాళ్ళకి ఫోన్? ఓకే, గుడ్ లక్."

అది నిజమే. ఫోన్ మోగితే స్నానాల గదిలోకి వెళ్ళిపోయే అలవాటుండేది నాకు. నాన్న నవ్వలేదు. ఆయన గొంతులో ఎగతాళి లేదు, అందుకే ఆయన తర్వాత అన్న మాట గట్టిగా తగిలింది.

"దాని మాట వదిలెయ్. కానీ నాది ఒక్కటే భయం. ఎయిర్‌పోర్ట్‌ల అమ్మకు కళ్ళు తిరిగినయనుకో. నువ్వు మనిషిని పిలవాలె గదా? కాగితం మీద రాసి ఇస్తవా? రేపు నువ్వే ఫోన్ చేసి, అమ్మకు సరిపోయే గది ఖాయం చేసినవనుకో, నేనే లండన్ వద్దంట. లేదా, అమ్మ అంకుల్ వాళ్ళతోని పోతది. మళ్ళ అడగొద్దు."

"సరే," అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టదనుకున్నాను. పట్టింది. పాఠం నాకు వచ్చు, పరీక్ష రేపు. పరీక్షలంటే నాకు ఎప్పుడూ భయం లేదు.

శనివారం పొద్దున మాకు కాఫీల వేళ, వాళ్ళకు మధ్యాహ్నం. మా ఫోన్ వంటింటి గోడకు ఉండేది, దానికి మెలికలు తిరిగిన పొడుగాటి తీగ. నేను ఒంటరిగా చేద్దామనుకున్నాను కానీ ఆ ఇంట్లో ఏదీ ఒంటరిగా జరగదు. అమ్మ దోసెల పిండి కలుపుతున్నట్టు, నాన్న పేపర్ చదువుతున్నట్టు నటించారు. చెల్లెలు నటించనైనా లేదు, గట్టెక్కి కూర్చుంది. నాయినమ్మ స్టూలు లాక్కుని సరిగ్గా నా మోచేతి పక్కన కూర్చుంది.

నంబర్ తిప్పాను. ఏదో సముద్రం అడుగునుంచి వస్తున్నట్టు గరగరమని, తర్వాత ఒక ఆడమనిషి బొంగురు గొంతు. నేను పాఠంలోని మొదటి వాక్యం అన్నాను. గది ఖాళీ ఉందా? పాఠంలో అయితే ఆమె "ఉంది, ఎన్ని రాత్రులు" అనాలి. ఆమె అనలేదు. ఒక్క నిమిషం ఆగమని, ఎవరినో కుక్కను బయటికి తోలమని కేకేసి, మళ్ళీ వచ్చి, గబగబా ఏదో అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పాఠం అక్కడితో అయిపోయింది.

చెల్లెలు నా మొహంలోకి చూసింది. అప్పుడు నాకొక సంగతి తట్టింది. నా సిగ్గంతా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఆ రెండు భాషల్లో నేను నోరు లేనిదాన్నని లోకమంతా ఎరుగును. ఫ్రెంచ్‌లో ఇంకా ఎవరికీ తెలియదు. ఈ బొంగురు గొంతావిడకు నేనెవరో ఏమీ తెలియదు. ఎలా ఉండాలనుకుంటే అలా ఉండవచ్చు.

"అమ్మా, కొంచెం నెమ్మదిగా చెప్పండి. నేను అమెరికా నుంచి మాట్లాడుతున్నాను, మా నాయినమ్మ కోసం," అన్నాను ఫ్రెంచ్‌లో, గట్టిగా. మా అమ్మ గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది. అంత గట్టి గొంతు నాకుందని ఆమెకు తెలియదు.

తర్వాత సాఫీగా సాగింది. గది ఉంది. చిన్న పొయ్యి ఉంది. సముద్రం కిటికీలోంచి కనబడదు, మూడు వీధులు నడవాలి. మెట్లు తక్కువే. నాయినమ్మ వంట తానే చేసుకుంటుందని, మాంసం తినదని చెప్పాను.

మంచిది, అంది ఆవిడ, అయితే చేపల మార్కెట్ పక్కనే.

చేపలు తినదు.

అయితే గుడ్లు. అంతకంటే తేలికేముంది?

గుడ్లూ తినదు.

పాపం, ఆమెకు ఒంట్లో బాగుండదా, అని అడిగింది జాలిగా.

"ఏమంటున్నదే?" నాయినమ్మ నా చెయ్యి గిల్లింది.

"నీకేదైనా జబ్బా అని అడుగుతోంది."

"నాకేం రోగం! దానికి చెప్పు, నేనింకా రోట్ల పచ్చడి నూర్త అని."

చెప్పాను. రోలుకు సరైన మాట తెలియక రాయి అన్నాను. ముసలావిడ రాయి దేనికి నూరుతుందని ఆవిడ మరింత కంగారు పడింది. అది వదిలేశాను.

మరి ఏం తింటుంది, అని అడిగింది చివరికి. ఆ గొంతు ఇప్పుడు ఇల్లు అద్దెకిచ్చే మనిషిది కాదు, ఇంకొక వంటింటిలో నిలబడ్డ మనిషిది.

"నువ్వేం తింటావో అడుగుతోంది నాయినమ్మా."

"పప్పు అను. కూరగాయలు అను. ఏమీ దొరకనినాడు శనగపిండి కలుపుకొని అట్టు పోసుకుంటనను. దానికి ఎవ్వరు అక్కెర లేదు."

శనగపిండికి ఫ్రెంచ్‌లో ఏమంటారో ఏ పాఠంలోనూ రాలేదు. శనగలకు మాట తెలుసు, పిండికి మాట తెలుసు. రెండూ కలిపి అన్నాను. శనగల పిండి, నీళ్ళు, ఉప్పు, కలిపి, పెనం మీద పోసి. చేత్తో గాలిలో గుండ్రంగా చూపిస్తున్నానని చెల్లెలు తర్వాత చెప్పింది.

లైన్ తెగిందనుకున్నాను. అంతలో నవ్వు. బొంగురుగా, దగ్గుతో కలిసిన పెద్ద నవ్వు. మద్‌మొజెల్, అంది ఆవిడ, మనం అమ్మాయీ అన్నట్టు, అది మా తిండి! ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ తినేది అదే. శనగపిండిలో నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి బండిచక్రమంత రాగి పళ్ళెంలో పలచగా పోసి కట్టెల పొయ్యిలోకి తోస్తారట. పైన మిరియాల పొడి. వేడివేడిగా గీరి కాగితంలో పెట్టి ఇస్తారట. ఆ పళ్ళెంలో ఇంకేదన్నా వండుతారా, మాంసంగానీ చేపగానీ, అని అడిగాను. ఆవిడకు కోపం వచ్చింది. ఆ పళ్ళెంలోనా? దాన్ని ఇంక దేనికీ వాడరట. ఎలా తింటారు, ఫోర్కుతోనా అని అడిగాను. చేత్తో, మద్‌మొజెల్, మరెలా?

ఒక్కొక్కటీ నాయినమ్మకు తెలుగు చేసి చెబుతూ వచ్చాను. రాగి పళ్ళెం దగ్గర ఆమె తల ఊపింది. ఇంక దేనికీ వాడరన్న చోట నాన్న వైపు చూసింది, పాత ఆమ్లెట్ పెనం గుర్తొచ్చినట్టు. చేత్తో తింటారన్నప్పుడు స్టూలు మీద సర్దుకుని కూర్చుంది.

"దాన్నేమంటరట?"

అడిగాను. ఆవిడ చెప్పింది. నేను అన్నాను.

"సొక్కా."

ఈసారి ముందు నవ్వింది అమ్మ. గరిటె గిన్నెలో పడేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా నవ్వింది. నాయినమ్మకు అర్థం కాలేదు. ఆమెకు ఒంటికి వేసుకునేది అంగీ.

"ఏందే, ఎందుకు నవ్వుతున్నవ్?"

"చొక్కా అత్తయ్యా! మావైపు పల్లెల్లో సొక్కా అంటారు. మీ అంగీ!"

"అంగీ తింటరా?"

నాన్న పేపర్ కింద పెట్టేశాడు. ఫోన్‌లో ఆవిడ, ఏమైంది, ఏమైంది అంటోంది. ఊరి పేరు సంగతి, తిండి పేరు సంగతి ఆమెకు చెప్పాను. మా నాయినమ్మ భాషలో మీ ఊరి పేరుకు మాంసం అని అర్థం, మా అమ్మ భాషలో మీ తిండికి చొక్కా అని అర్థం అన్నాను. ఇంగ్లీషులో అయితే అంత పొడుగు మాట ఎవరితోనూ అనివుండను. ఆవిడ అది ఇంట్లో ఎవరికో గట్టిగా చెప్పింది. అక్కడా నవ్వులు వినబడ్డాయి.

నాయినమ్మ అందరూ ఆగేదాకా ఆగింది. ఆమె తీర్పులు ఎప్పుడూ నిదానంగా వచ్చేవి.

"అయితే నీసుల నీసు లేదు. సొక్కా ఉన్నది గాని అది అంగీ కాదు." మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. "నా పెనం నేనే తెచ్చుకుంటనని చెప్పు. ఆమె పొయ్యి ఇస్తే సాలు."

చెప్పాను. తేదీలు చెప్పాను, అమావాస్య మధ్యలో పడేటట్టు. పేరు అడిగింది. మా ఇంటిపేరు పొడుగు. బడిలో టీచర్లు దాన్ని ఎలా విరిచినా నేను "యెస్" అనే ఊరుకునేదాన్ని. ఆ రోజు ఒక్కో అక్షరం పలికి రాయించాను. ఆవిడ తప్పు చదివితే, కాదమ్మా అని మళ్ళీ మొదటినుంచి చెప్పాను. గది ఖాయమైనట్టు ఆ సాయంత్రమే ఉత్తరం వేస్తానంది. నాయినమ్మకు నమస్కారాలు చెప్పమని, రాగానే ఆమెను మంచి సొక్కా పొయ్యి దగ్గరికి తానే తీసుకుపోతానని చెప్పి పెట్టేసింది.

ఫోన్ గోడకు తగిలించాక చెవి వేడిగా ఉందని తెలిసింది. అందరూ తలెత్తారు. వెనకటిలా కాదు. ఈసారి నేనేం చెబుతానా అని చూస్తున్నారు.

"గది ఖాయం," అన్నాను.

"వినబడ్డది బిడ్డా. బిల్డింగంతా వినబడ్డది," అన్నాడు నాన్న. లేచి నా తల మీద చెయ్యి పెట్టి, ఒక క్షణం ఉంచి, తీసేశాడు. "మాట మాటే. ఏజెంట్‌కు కూడా నువ్వే చెయ్యి, నీ ఫ్లైట్లు నీకే తెలుసు."

ఏజెంట్‌కు ఇంగ్లీషులోనే చేశాను. గొంతు ఇందాకటిదే వాడాను. పనిచేసింది.

"అయితే అక్కా, టునైట్ పిజ్జా నువ్వు ఆర్డర్ చేస్తున్నావు కదా?" అంది చెల్లెలు గట్టు దిగుతూ.

"వాళ్ళకు ఫ్రెంచ్ వస్తే చేస్తాను."

ఇక మిగిలింది లండన్ మీదుగా పోయే ఆంటీకి చెప్పడం. ఆమె నాయినమ్మ కోసం పక్కపక్క సీట్లు కూడా అడిగిపెట్టింది పాపం. నాన్న నంబర్ తిప్పి, సంజాయిషీ మాటలు కూడదీసుకుంటున్నాడు. నాయినమ్మ ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఆంటీది మా వరంగలే. ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు.

"ఆ, నేనే అమ్మా. మంచిగున్న. ఏం లేదు, మీతోని లండన్ వస్తలేను." అటునుంచి ఎందుకని అడిగినట్టున్నారు. నాయినమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త. నా ఈడు అమ్మాయి ఎవరో ఒక అల్లరి పని చేయబోతూ చూసే చూపు.

"నా మన్మరాలు నన్ను నీసుకు తీస్కపోతున్నది."

అవతల మాట లేదు. నాయినమ్మ ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, భుజాలు కదిలేలా నవ్వింది. అది ఊరి పేరని ఆంటీకి చెప్పవచ్చు. నేను సైగ చేశాను, నాన్న సైగ చేశాడు. ఆమె మమ్మల్నిద్దరినీ పట్టించుకోలేదు. ఆ మౌనాన్ని ఇంకాసేపు అలాగే ఉండనిచ్చింది.